పెరటి గుమ్మం

క్రాగ్‌సైడ్ భోజనాల గదిలో ఫైర్‌ప్లేస్ మీద ఒక సామెత చెక్కి ఉంటుంది. తూర్పుకి వెళ్లినా పడమరకి వెళ్లినా ఇంటిని మించింది లేదని దాని భావం. అక్కడ వాలంటీరుగా పనిచేసే పెద్దావిడ దాన్ని మాకు చదివి వినిపించి, నా వైపు తిరిగి "మీ ఇల్లెక్కడ? ఎలా ఉంటుంది?" అని అడిగింది. మర్యాదకి అడిగిన ప్రశ్నే. నేనూ మర్యాదకే జవాబు చెప్పాను. నది ఒడ్డున చిన్న ఊరు, మూడు గదులు, ముందు వరండా, పెంకుల కప్పు, పెరట్లో పనస చెట్టు. చాలా బావుంటుంది అన్నాను. ఆవిడ సంతోషించింది.

నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఒకటి వదిలేశాను. ఆ వదిలేసినదాని గురించే ఇది రాస్తున్నాను.

*

మాది చింతూరు. నేను పుట్టినప్పుడు ఖమ్మం జిల్లా. పోలవరం ముంపు మండలాల్లో ఒకటి కాబట్టి 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు, తూర్పు గోదావరి జిల్లా అయింది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. ఊరు మాత్రం శబరి ఒడ్డున ఉన్నచోటే ఉంది. హైదరాబాద్‌లో చదువుకునేటప్పుడు ఎవరైనా అడిగితే "భద్రాచలం అవతల" అని చెప్పి ఊరుకునేదాన్ని. 2023లో ఎమ్మెస్సీకి న్యూకాజిల్ వెళ్లాక ఆ ఇబ్బంది కూడా తీరిపోయింది. "ఇండియా" అంటే చాలు.

ఆ ఏడాది మే నెలలో నాతోపాటు ఉండే అమ్మాయిలు క్రాగ్‌సైడ్ వెళ్దామన్నారు. రోడోడెండ్రాన్ పూలు పూసే రోజులు, ఫోటోలు బాగా వస్తాయని. న్యూకాజిల్‌కి ఉత్తరాన, నార్తంబర్లాండ్ కొండల్లో, రోత్‌బరీ అనే ఊరి పక్కన ఉంటుంది ఆ బంగళా. విక్టోరియా రాణి కాలంలో డబ్బున్నవాళ్లు పల్లెల్లో కట్టుకున్న మహా భవంతుల్లో ఒకటి. నాకు ఆ ఇళ్లంటే సీరియళ్లలో చూసినవే. పొడుగాటి గౌన్లు, వెండి పళ్లేలు, గంట కొడితే వచ్చి నిలబడే మనిషి.

నేను ఆగిపోయింది పూల దగ్గర కాదు. లోపల ఒక బోర్డు దగ్గర. నీటి నుంచి తీసిన కరెంటుతో ప్రపంచంలో మొట్టమొదట వెలిగిన ఇల్లు ఇదేనని దాని మీద ఉంది. నాకు నవ్వొచ్చింది. మా మండలంలోనే మోతుగూడెం ఉంది. అక్కడ పొల్లూరులో లోయర్ సీలేరు పవర్‌హౌస్. ఒక్కోటి 115 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, మొత్తం 460 మెగావాట్లు. నా చిన్నతనం అంతా కరెంటు పుట్టే మండలంలో లాంతరు తుడుస్తూ గడిచింది. నీళ్లతో దీపం వెలిగించిన మొదటి ఇల్లు చూడ్డానికి ఇంత దూరం రావలసి వచ్చిందా అనుకున్నాను.

*

ఆ ఇల్లు కట్టించినాయన పేరు విలియం ఆర్మ్‌స్ట్రాంగ్. మొదట లాయరు, తర్వాత ఇంజనీరు. నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు తయారుచేసి పైకొచ్చాడు. ఆ తర్వాత ఫిరంగులు. ఆయన పేరుతోనే పిలిచే ఆ ఫిరంగులు 1860లో చైనా మీద యుద్ధంలో పేలాయి. 1863లో వేటకీ చేపలు పట్టడానికీ వచ్చి దిగేందుకు ఈ లోయలో ఒక మామూలు విడిది కట్టించుకున్నాడు. 1869 నుంచి రిచర్డ్ నార్మన్ షా అనే ఆర్కిటెక్టు చేతికిచ్చాడు. ఆయన పదిహేనేళ్ల పాటు ఒక గోపురం, ఒక గ్యాలరీ, ఒక పెద్ద హాలు అంటూ కలుపుకుంటూ పోయాడు. అందుకే బయటి నుంచి చూస్తే ఒక ఇల్లులా ఉండదు. ఎత్తుపల్లాల రాతి కొండ మీద పొడుగాటి పొగగొట్టాలు, చెక్క దూలాలు బయటికి కనిపించే ముక్కోణపు గోడలు. కొండే అలా పెరిగిందేమో అనిపిస్తుంది. అందంగా ఉంది. ఆ మాట దాచుకోను.

లోపల ఇంకా ఆశ్చర్యం. వాగులకి అడ్డుకట్టలు వేసి చెరువులు చేశారు. ఆ నీళ్ల బలంతో వంటింట్లో మాంసం కాల్చే ఊచ దానంతట అదే తిరిగేది. కింద అంతస్తు నుంచి పైకి వెళ్లడానికి లిఫ్ట్. 1878లో గ్యాలరీలో ఒక ఆర్క్ దీపం. 1880లో, న్యూకాజిల్ పక్కనే గేట్స్‌హెడ్‌లో ఉండే జోసెఫ్ స్వాన్ తయారుచేసిన కొత్త బల్బులు. 1884లో వేల్స్ యువరాజు, ఆయన భార్య వచ్చి ఇక్కడ బస చేశారు. వాళ్ల కోసం సిద్ధం చేసిన డ్రాయింగ్ రూములో పాలరాతి ఫైర్‌ప్లేస్ పది టన్నుల బరువు ఉంటుందట.

ఇలాంటి ఇళ్లు ఎలా కట్టాలో చెప్పడానికి 1864లో రాబర్ట్ కెర్ అనే ఆర్కిటెక్టు ‘ద జెంటిల్‌మన్స్ హౌస్’ అని లావుపాటి పుస్తకం రాశాడు. తిరిగొచ్చాక లైబ్రరీలో తీసి చదివాను. పెద్దమనిషి ఇంటికి ఏమేం లక్షణాలుండాలో వరసగా చెప్తాడు. గాలి, వెలుతురు, సౌకర్యం, హుందాతనం, అన్నీ ఉంటాయి. వాటన్నిటికంటే ముందు పెట్టింది ఏకాంతం. ఏకాంతం అంటే ఊరి నుంచి, వీధి నుంచి కాదు. ఇంట్లోని నౌకర్ల నుంచి. ఇంటివాళ్లు ఒక సమూహం, నౌకర్లు ఇంకో సమూహం, ఒకరి కంట ఒకరు పడకూడదు, ఒకరి మాట ఇంకొకరికి వినపడకూడదు. అలా ఉండాలంటే ఏ తలుపు ఎటు తెరుచుకోవాలి, ఏ దారి ఏ దారిని తాకకూడదు అన్నది ప్లాన్‌లోనే తేల్చుకోవాలి. ఇదీ ఆయన చెప్పేది.

అందుకే ఆ కాలపు భవంతుల్లో మెట్లు రెండు రకాలు. ముందు మెట్లు వెడల్పుగా, కార్పెట్ పరిచి, చెక్కడపు పనితో. వెనక మెట్లు ఇరుకుగా, నిటారుగా. తెల్లవారుజామున లేచి బొగ్గుల బకెట్లు, వేణ్ణీళ్లు, రాత్రి వాడిన కుండలు మోసుకుంటూ ఆడపిల్లలు ఆ మెట్ల మీదే తిరిగేవాళ్లు. దొరగారు నిద్ర లేచేసరికి గది వెచ్చగా ఉంటుంది, మంట పెట్టిన మనిషి మాత్రం ఉండదు. రెండు లోకాల మధ్య పచ్చ బనాతు గుడ్డ కొట్టిన తలుపు ఒకటి ఉండేది. ఆ గుడ్డ అలంకారానికి కాదు. గిన్నెల చప్పుడు ఇటు రాకుండా.

మనకి శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ బళ్లోనే నోటికొచ్చేస్తుంది. పెద్ద కట్టడం కనిపిస్తే రాళ్లెవరు ఎత్తారని అడగడం దాంతో అలవాటైంది. అది కట్టినవాళ్ల గురించిన ప్రశ్న. కట్టడం ఎప్పుడో ఒకసారి పూర్తవుతుంది. ఆ ఇంటిని రోజూ పొద్దున్నే మళ్లీ ఇల్లుగా చేసేవాళ్ల సంగతి వేరు. వాళ్ల పని ఎప్పటికీ పూర్తికాదు. పూర్తయిందని కనిపించేలా చేయడమే వాళ్ల పని.

*

ఇప్పుడు మా ఇంటి సంగతి.

నాన్నది చింతూరులో కిరాణా కొట్టు. తాత కింది నుంచి వచ్చాడు. అంటే గోదావరి డెల్టా వైపు నుంచి. కొండల్లో ఉండేవాళ్లు మమ్మల్ని అలాగే అంటారు, కింది నుంచి వచ్చినవాళ్లని. మాది ఏజెన్సీ ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం ఇక్కడ గిరిజనేతరులకి భూమి బదలాయింపు చెల్లదు. మా ఇంటి స్థలం 1970కి ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా అన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ గట్టిగా అడగరు. నేనూ అడగలేదు.

ముందు వరండా, వరసగా మూడు గదులు, చివర వంటిల్లు, వంటింటి అవతల పెరటి గుమ్మం. ఆ గుమ్మం దగ్గర నీళ్ల తొట్టి, గిన్నెలు తోమే బండ. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ మా ఇంట్లో పనిచేసిన ఆమె కోయ మనిషి. ఊరికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో, మెరక మీదున్న గూడెం నుంచి నడిచి వచ్చేది. పేరు రాయను, ఆమెని అడగలేదు కాబట్టి. మా అమ్మకంటే పెద్దది. మేం పిల్లలం కూడా ఆమెని పేరు పెట్టే పిలిచేవాళ్లం. మా ఇంటికి వచ్చే ఏ ఆడమనిషినైనా అత్తా అనో పిన్నీ అనో పిలవకపోతే నెత్తిన మొట్టికాయ పడేది. ఆమె విషయంలో మాత్రం ఎవరూ మొట్టలేదు.

ఆమె ముందు గుమ్మంలోంచి వచ్చేది కాదు. ఎవరూ రావద్దని చెప్పినట్టు నాకు గుర్తులేదు. ఇంటి పక్క సందులోంచి వెనక్కి వచ్చేది. వంటింటి చూరులో, దూలానికీ పెంకుకీ మధ్య, ఒక స్టీలు గ్లాసు దోపి ఉండేది. టీ ఇచ్చేది అందులోనే. తాగాక ఆమే కడిగి, ఆమే అక్కడ పెట్టుకునేది. కింద పెడితే మిగతావాటిలో కలిసిపోతుందని అంత పైన. నాకు అందని ఎత్తు. చిన్నప్పుడు అది ఆమెకిచ్చిన గౌరవం అనుకున్నాను. ఇంట్లో ఎవరికీ లేని సొంత గ్లాసు ఆమెకి ఉందని.

కెర్ పుస్తకం మూయగానే నాకు గుర్తొచ్చింది ఆ గ్లాసే. మా తాత ఆ పుస్తకం చదివుండడు. ఏ ఆర్కిటెక్టునీ పిలవలేదు. మేస్త్రీకి నోటిమాటగా చెప్పి కట్టించిన ఇల్లు. అయినా ఆ వందల పేజీల సారమంతా మా ఇంట్లో ఒక సందులో, ఒక గుమ్మంలో, చూరులో ఒక గ్లాసులో ఉంది.

*

2022 జూలైలో గోదావరికి వరదొచ్చింది. 1986 తర్వాత అంత వరద రాలేదు. జూలై 16న భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. గోదావరి అలా ఉబ్బితే శబరి కూనవరం దగ్గర అందులో కలవలేక వెనక్కి తంతుంది. మా ఊళ్లోకి నీళ్లు అలా వచ్చాయి. పైనుంచి కాదు, కిందినుంచి. కొట్టు మునిగింది. ఇంట్లో కిటికీ పైదాకా నీళ్లు. అంతకు ముందే అమ్మ, నానమ్మ, నేను చేతికందినవి పట్టుకుని బయటపడ్డాం. నాన్న కొట్టు దగ్గర ఆగిపోయాడు. రోడ్లు తెగిపోయాయి. ఎక్కడికి పోవాలో తెలియక నిలబడి ఉంటే ఆమె వచ్చింది. "రండమ్మా, మా ఇంటికి పోదాం" అంది.

నాలుగు రాత్రులు ఆమె ఇంట్లో ఉన్నాం. అంతవరకూ నేను ఆ ఇల్లు చూడలేదు. ఇరవై ఏళ్లు ఆమె మా ఇంటికి వచ్చింది, మేం ఒక్కసారీ వెళ్లలేదు. వెదురు తడికల మీద మట్టి మెత్తి అలికిన గోడలు. ముందు వెడల్పాటి పంచ. లోపల ఒకే గది, ఒక మూల పొయ్యి, ఒక మూల ధాన్యం. నానమ్మకి మంచం వేసింది, మాకు లోపల చాపలు పరిచింది. వాళ్లు పంచలో పడుకున్నారు. ఏ దారిన లోపలికి రావాలని మాకు సందేహం రాలేదు. ఉన్నది ఒకటే గుమ్మం.

మొదటి రోజు సాయంత్రం జొన్న జావ ఇచ్చింది. సొరకాయ బుర్రతో కుండలోంచి ముంచి పోసింది. మంచినీళ్లకీ అలాంటి బుర్రే ఇంకొకటి ఉంది. అందరూ దాంతోనే ఎత్తి తాగాం. నానమ్మ కూడా. నానమ్మకి చాలా మడి. ఆ రోజు ఆమె బుర్ర అందుకుని, ఒక్క క్షణం చేతిలో పట్టుకుని, తాగేసింది. ఎవరూ ఏమీ అనలేదు.

ఇక్కడ కథ ఆపేస్తే బావుంటుంది. చాలామంది ఇక్కడే ఆపుతారు. పట్నం పిల్ల కొండకి వెళ్లి సమానత్వం నేర్చుకుని వస్తుంది. కానీ ఆ గూడెం స్వర్గమేం కాదు. కోయ ఊళ్లలో చాలాచోట్ల బహిష్టు రోజుల్లో ఆడవాళ్లు విడిగా ఉండే ఆచారం ఉండేది, ఆ విడిగా ఉండే చోటు ఎంత కష్టంగా ఉండేదో ఆమే చెప్పింది. ప్రతి ఇంటికీ ఎవరో ఒకరిని పక్కన పెట్టే తెలివి ఉంటుంది. ఇంకా ముఖ్యమైంది, మేం ఏమీ నేర్చుకోలేదు. నీళ్లు తీశాక ఇంటికి వచ్చి బురద ఎత్తిపోశాం. గిన్నెలన్నీ కొట్టుకుపోయాయో, బురదలో కూరుకుపోయాయో. చూరులో గ్లాసు మాత్రం దోపినచోటే ఉంది. మొదటి వారం ఉన్న నాలుగు గ్లాసుల్లోనే అందరం తాగాం, ఆమె కూడా. తర్వాత నాన్న భద్రాచలం నుంచి కొత్త గ్లాసుల సెట్టు తెచ్చాడు. పాత గ్లాసు మళ్లీ చూరెక్కింది. ఎవరు పెట్టారో నేను చూడలేదు. ఆమే పెట్టుకుందేమో.

*

చూడకపోవడం తప్పా? క్రాగ్‌సైడ్ నుంచి వచ్చాక నన్ను తొలిచిన ప్రశ్న ఇది.

తప్పు కాదనడానికి ఒక వాదన ఉంది. ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి వెనక మెట్లు కనిపించవు. కనిపించకుండానే కట్టారు. కనిపించని దానికి ఆమె ఎలా బాధ్యురాలు? నా విషయంలోనూ అంతే. గ్లాసు నేను పెట్టలేదు, గుమ్మం నేను కట్టలేదు. ఈ వాదనని నేను చాలా రోజులు మోశాను. హాయిగా ఉంటుంది.

కానీ ఆ హాయి ఎక్కడ తేడా కొడుతుందంటే, గోడ దానంతట అది లేవదు. కనిపించకుండా చేయడానికి ఖర్చవుతుంది. రెండో మెట్ల వరస కట్టాలంటే రాయి కావాలి, చోటు కావాలి, డబ్బు కావాలి. బనాతు గుడ్డ కొని మేకులు కొట్టాలి. చూరు దాకా చెయ్యి ఎత్తాలి. ఎవరో ఒకప్పుడు చూశారు. చూశాక, ఇక చూడక్కర్లేకుండా ఏర్పాటు చేసుకున్నారు. ఆ ఏర్పాటు మనకి వారసత్వంగా వస్తుంది. ఇల్లు వారసత్వంగా తీసుకుని, దాంట్లోని ఏర్పాటు మాత్రం నాది కాదంటే కుదరదు. అప్పుతో సహా ఆస్తి తీసుకోవడం అంటే మన వాళ్లకి తెలియనిది కాదు.

రెండో వాదన దయ గురించి. ఆర్మ్‌స్ట్రాంగ్ చెడ్డవాడేం కాదు. బొగ్గు ఎప్పటికైనా అయిపోతుందని 1863లోనే సభ పెట్టి హెచ్చరించినవాడు. ఆ ఇంట్లో లిఫ్ట్ కూడా నౌకర్లు బొగ్గు పైకి మోసే శ్రమ తగ్గుతుందని పెట్టించాడని ఆ పెద్దావిడ చెప్పింది. మోసే బరువు ఆయన చూశాడు. మా అమ్మా అంతే. సంక్రాంతికి ఆమెకి చీర పెట్టేది, జ్వరమొస్తే మాత్రలు కొనిచ్చేది, ఆమె కొడుకు హాస్టల్ సీటు కోసం నాన్నని తిప్పింది. ఇవన్నీ నిజమైన మంచితనాలే. కానీ అన్నీ పెరటి గుమ్మంలోంచి ఇచ్చినవే. లిఫ్ట్ వచ్చాక కూడా వెనక మెట్లు తీసెయ్యలేదు. దయ చూపడం వేరు, లెక్కలో వేసుకోవడం వేరు. దయకి ఇంటి ప్లాన్ మార్చక్కర్లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. కెర్ కాలపు ప్లాన్‌లలో ఒక రకమైన నిజాయితీ ఉంది. కాగితం మీద వెనక మెట్లు గీసి ఉంటాయి. నౌకర్ల భోజనశాల ఎంత పొడుగు, వాళ్ల పడక గదులు ఏ అటక మీద, అన్నీ కొలతలతో ఉంటాయి. దాచాల్సినవాళ్లని కూడా గీశారు. ఇప్పటికీ వెళ్లి ఆ మెట్లు ఎక్కి చూడొచ్చు. మన ఇళ్ల వెనక మెట్లు ప్లాన్‌లో ఉండవు. హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ బ్రోషర్లో ‘మెయిడ్ రూమ్’ అని వాషింగ్ మెషీన్ పక్కన కిటికీ లేని చిన్న గడి గీస్తారు, లేదా పనివాళ్లు ఏ లిఫ్ట్ వాడాలో ఒక కాగితం అంటిస్తారు. మన పాత పద్ధతి, కెర్ పద్ధతి అక్కడ కలిశాయి. వాస్తు కోసం ఒక గోడ పడగొట్టి జరిపే మనిషి కూడా ఆ గడికి కిటికీ ఎందుకు లేదని అడగడు. ఆ గడి దాటాక ఇంక గీతలే ఉండవు.

స్విచ్ వేస్తే లైటు వెలుగుతుంది. ఆ వైరు ఎక్కడిదాకా పోతుంది? క్రాగ్‌సైడ్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి తన దీపం ఏ చెరువుదో కిటికీలోంచి కాకపోయినా నాలుగడుగులు నడిస్తే తెలిసేది. చెరువు ఆయన స్థలంలోనే ఉంది. మన కరెంటులో కొంత మాచ్‌ఖండ్, సీలేరుల నుంచి వస్తుంది. ఒకే నది, పైన ఆ పేరు, కింద ఈ పేరు. పైన జలాపుట్ డ్యామ్, 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కరెంటు. తర్వాత బలిమెల జలాశయం. దాని కింద అప్పర్ సీలేరు, డొంకరాయి, చివరికి మా పొల్లూరు. బలిమెల నీళ్లు నిండాక ఒడిశా వైపు 150కి పైగా ఊళ్లు మూడు పక్కలా నీళ్లతో, నాలుగో పక్క కొండలతో తెగిపోయాయి. 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా ఆసుపత్రికైనా సంతకైనా పడవే దిక్కు. ఆ నీళ్లే మలుపులు తిరిగి మా మండలంలో టర్బైన్లు తిప్పి, మోటు దగ్గర శబరిలో కలుస్తాయి. ఆమె గూడేనికి స్తంభాలు వచ్చింది నేను హైస్కూల్‌లో ఉన్నప్పుడు.

అది కూడా ఇల్లే. చాలా పెద్ద ఇల్లు. ముందు మెట్లు విశాఖపట్నంలో, హైదరాబాద్‌లో. వెనక మెట్లు చిత్రకొండలో, చింతూరులో. అయితే ఈ ఇంటి ప్లాన్ ఏ లైబ్రరీలోనూ దొరకదు. దాన్ని వేరే పేరుతో, ప్రాజెక్టు అని పిలుస్తాం.

దీనికి పరిష్కారం లైటు ఆర్పేసి కూర్చోవడం అని నేననుకోవట్లేదు. ఆమెకీ లైటు కావాలి, అందరికంటే ఎక్కువ కావాలి. నేనంటున్నది చిన్న సంగతి. ఇంటిని మెచ్చుకునేటప్పుడు దాని ప్లాన్ అంతా చూసి మెచ్చుకోవాలి. ప్లాన్ ఎక్కడ ఆగిపోయిందో అక్కడ వేలు పెట్టి, ఇక్కడి నుంచి అవతల ఎవరున్నారని అడగాలి. అడిగితే వెంటనే న్యాయం జరిగిపోదు. కానీ అడగనిచోట అది మొదలవ్వడం నేనెక్కడా చూడలేదు.

*

క్రాగ్‌సైడ్ 1977లో నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది. ఇప్పుడు ఆ ఇంటికి గొడుగు పట్టేవాళ్లు చాలామంది. తివాచీ రంగు వెలవకుండా కిటికీలకి తెరలు వేస్తారు. మా ఇల్లు ఉండదు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ గీత లోపల ఎవరెవరున్నారో అన్నది మా ఊళ్లో ఇళ్లన్నీ మాట్లాడుకునే లెక్క.

వరద తగ్గిన కొన్నాళ్లకి ఇల్లు కొలవడానికి ఇద్దరు వచ్చారు. మర్యాదగా మాట్లాడారు, అమ్మ ఇచ్చిన టీ తాగారు. ఒకాయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, రెండో కొస పట్టుకోమని నాకిచ్చాడు. గదుల పొడుగు, వెడల్పు, గోడ మందం, కప్పు ఏ రకం, పెరట్లో చెట్లెన్ని. కాగితం మీద మా ఇంటి బొమ్మ వేశాడు. మా ఇంటికి ప్లాన్ అనేది గీయడం అదే మొదటిసారి. వరండా గీశాడు, మూడు గదులు గీశాడు, వంటిల్లు గీశాడు. తల ఎత్తి అమ్మని అడిగాడు.

"వెనక ఇంకేమైనా ఉందామ్మా?"

"ఏం లేదండీ. అంతే" అంది అమ్మ.

పెరటి గుమ్మం అవతల ఆమె గిన్నెలు తోముతోంది. చప్పుడు అందరికీ వినిపిస్తోంది. టేపు కొస నా చేతిలో ఉంది. నేనేమీ అనలేదు.

ఆయన అడిగింది కట్టడం గురించే. మనుషుల గురించి కాదు. అమ్మ జవాబు తప్పు కాదు. క్రాగ్‌సైడ్‌లో ఆ పెద్దావిడకి నేను చెప్పిన జవాబు కూడా తప్పు కాదు. ఏడాది తేడాతో ఒకే ప్రశ్న, ఒకే జవాబు. రెండోసారి అడిగినప్పుడు మాత్రం నేను ఒక వెనక మెట్ల ఇంట్లోనే నిలబడి ఉన్నాను.

మొన్న ఫోన్‌లో అమ్మని అడిగాను, ఆమె గ్లాసు ఇంకా చూరులోనే ఉందా అని. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "ఎందుకే ఇప్పుడు?" అంది. తర్వాత "ఉంది" అంది. "కిందికి తియ్యి" అన్నాను. "నువ్వొచ్చి తియ్యి" అంది.

కోపంగా అన్నదో, నిజంగానే అన్నదో తెలియలేదు. డిసెంబరులో వెళ్తున్నాను. ఇప్పుడు నాకు చూరు అందుతుంది.